ఉత్తరం దిక్కు తడక

చలికి కులం లేదని మా హెడ్మాస్టరు సారు అన్నప్పుడు నేనేమీ మాట్లాడలేదు. ఆయన చెడ్డ మనిషి కాదు. పొద్దున ప్రార్థన కాడ పిల్లలు పండ్లు కొట్టుకుంట నిలబడితే తన మఫ్లరు తీసి ఒక పిలగాని మెడకు చుట్టి, "చలికి కులముంటదా సార్, మతముంటదా? అందర్ని ఒక్క తీరుగనే వణికిస్తది" అన్నడు.

అది 2021 డిసెంబరు. మా ఆదిలాబాద్ అడవి పల్లెల్లో రాత్రిపూట ఐదు డిగ్రీల లోపుకు దిగిన రోజులు. 2016లో జిల్లాను నాలుగు ముక్కలు చేసిండ్రు గాని చలి పాతదే. సిర్పూర్(యు), గిన్నెధరి అనే పేర్లు హైదరాబాదు పేపర్లలో కనబడేది ఎక్కువగా ఆ నెలల్లోనే. మిగిలిన పది నెలలు మేం ఎట్ల బతికేది ఎవరికీ పట్టదు.

సారు మాటకు నేను జవాబు చెప్పలేదు గాని నాకు మా బాపమ్మ యాదికొచ్చింది. బాపమ్మ చలికే పోయింది. కాని చలి ఒక్కటే ఆమెను తీసుకపోలేదు. ఆ సంగతి చెప్పాలంటే ముందుగాల మా ఇంటి గోడ గురించి చెప్పాలె.

మా వాడ ఊరికి తూర్పున ఉంటది. మాదిగవాడ ఊరికి ఏ దిక్కున ఎందుకుంటదో ఈ పుస్తకం చదివేటోళ్ళకు వేరే చెప్పనక్కర లేదు. పడమటి గాలి ఊరి మీదికెళ్ళి మా దిక్కు రావాలె గాని మా మీదికెళ్ళి ఊరి దిక్కు పోవద్దు. అందుకని మమ్ముల్ని అక్కడ పెట్టిండ్రు. అయితే చలికాలం గాలి తిరుగుతది. ఉత్తరం నుంచి, ఈశాన్యం నుంచి వస్తది. వాగు దాటి, కోసిన జొన్నచేన్ల మీదుగా, అడ్డమనేది లేకుంట వచ్చి మొదలు మా గుడిసెల్నే గుద్దుతది. మమ్ముల గుద్ది గుద్ది అలసిపోయి ఊర్లెకు పోతది. ఈ సంగతి నాకు చిన్నప్పుడు తెల్వదు. సారునైనంక ఒకరోజు మూడో తరగతికి దిక్కులు చెప్పుకుంట బోర్డు మీద మా ఊరి పటం గీసిన. గాలికి బాణం గుర్తు పెట్టిన. చాక్‌పీసు నా చేతిలోనే ఆగిపోయింది. ఎండకాలం ఊరి కంపు మాకు. చలికాలం మా ఒంటి అడ్డం ఊరికి. మేము ఊరికి కట్టిన తడకలం.

మాది మన్ను గోడల గుడిసె. మూడు దిక్కుల మన్ను గోడ. ఉత్తరం దిక్కు మాత్రం తడక. కంకబొంగు దబ్బలు అడ్డంగ పెట్టి, కందికట్టె నిలువుగ పేర్చి, మోదుగ నారతోటి బిగగట్టి, మీద ఎర్రమన్ను, పెండ, సన్నగ కోసిన గడ్డి కలిపి పూసేది. అది పూసినంత కాలం గోడ. వానకు పూత కారిపోతే అది ఉత్త కట్టెల దడి. ఏటేటా వానలు పోయినంక మళ్ళ కట్టాలె, మళ్ళ పూయాలె. ఆ కట్టుడు చలికాలంలనే పడుతది. ఎందుకంటే కందికట్టె చేతికొచ్చేది అప్పుడే. బొంగు కూడ చలికాలం అమాస రోజులల్ల కొడితేనే పుచ్చు పట్టదని మా పెద్దలు అంటరు.

మా బాపు జీతగాడు. పొద్దు పొడవక ముందే పటేలు కొట్టంల ఉండాలె. రాత్రి ఎడ్లకు మేతేసి ఇంటికి రావాలె. వెట్టిచాకిరీని 1976ల చట్టం చేసి రద్దు చేసిండ్రని నేను తర్వాత కాలేజీల చదువుకున్న. మా బాపుకు ఆ చట్టం సంగతి ఎవరూ చెప్పలే. మా బాపు పేరుకు చివర 'గా' తగిలించి పిలిస్తే, "ఆఁ పటేలా" అని ఉరికేటోడు.

1997 చలికాలం. నాకు తొమ్మిదేండ్లు, నాలుగో తరగతి. ఆ యేడు వానలకు మా తడక అడుగు కుళ్ళి, చెదలు పట్టి, దసరా నాటికే ఒరిగిపోయింది. అవ్వ రెండు గోనె తట్లు కుట్టి అడ్డం కట్టింది. గాలి వచ్చినప్పుడల్ల ఆ తట్టు కడుపుతోటున్న ఆడిదాని లెక్క ఉబ్బేది. బాపమ్మ ఆ తట్టు పక్కనే పండుకునేది. అక్కడ పండుకోవద్దంటే వినకపోయేది. "నేను అడ్డముంటే పిలగాండ్లకు గాలి తక్కువ తాకుతది" అనేది.

పుష్యమాసం వచ్చింది. "పుష్యమాసంల పూస గుచ్చ పొద్దుండదు" అని బాపమ్మ ఊకె అంటుండె. పొద్దు అంత చిన్నది. అంత చిన్న పొద్దంత పటేలుదే అయితే ఇంక మా గోడకు పొద్దేది? అప్పుడే పటేలు కొత్త ఎడ్ల జత పట్టుకొచ్చిండు. కొట్టానికి ఉత్తరం దిక్కు ఖాళీ. ఎడ్లకు చలి తాకుతుందని తడక కట్టమన్నడు. బాపు రెండు చేతులు కట్టుకొని, "పటేలా, మా ఇంటి తడక పడిపోయింది. ముసల్ది చలికి ఆగుతలేదు. ఒక్కరోజు ఇడ్సిపెట్టు, రేపు పొద్దుగాల కొట్టం పని పడుత" అని అడిగిండు. నేను పక్కనే ఉన్న. పటేలు నవ్విండు. కోపం చేయలేదు, తిట్టలేదు. "ఎడ్లు నోరులేని జీవాలురా. మీరైతె మంట పెట్టుకుంటరు, అవేం పెట్టుకుంటయి?" అన్నడు. ఆ మాటల దయ కూడ ఉన్నది. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నోరున్నందుకు మాకు గోడ లేకుంట పోయింది.

నాలుగు రోజుల పని. బడి ఇడిసినంక నేను పోయి బాపుకు అందిచ్చేది. తడక కట్టుడు చూసేటోళ్ళకు అల్కగ కనబడతది గాని చలిల అది ఎంత కష్టమో చేసినోనికే తెలుసు. తెల్లారగట్ల బొంగు చీరితే పగులు తిన్నగ పోదు, వంకర పోతది. వంచితే టక్కున ఇరుగుతది. దబ్బల్ని నీళ్ళల్ల నానబెట్టి, మంట మీద తిప్పి తిప్పి వేడి చేసి వంచాలె. నారను కూడ నానబెట్టాలె. తడి నార కడితే, ఆరినంక అదే బిగుసుకుంటది. ఎండు నార కడితే నాలుగొద్దులకు వదులైతది. ఆ చలిల నీళ్ళల్ల నుంచి నార తీసి ముడేయాలంటే వేళ్ళు మనయి కాదన్నట్టుంటయి. బాపు ముడి ఒక కొస చేతితోటి, ఒక కొస పండ్లతోటి పట్టి గుంజేది. ఆయన బొటనవేలు, చూపుడువేలు నడుమ చర్మం పగిలి నెత్తురొచ్చేది. కట్టిన ప్రతి ముడి మీద చిన్న ఎర్ర చుక్క. నేను ఎన్నోసార్లు ఆ ముళ్ళు లెక్కపెట్టిన.

మూడో రోజు సందెకాడ కొన్ని కందికట్టెలు మిగిలినయి. వంకరవి, పొట్టివి. బాపు వాటిని ఒక మోపు కట్టి నెత్తి మీద పెట్టుకున్నడు. మా తట్టుకు అడ్డం పెడదామనుకున్నడు. వాకిట్లకెళ్ళి పటేలు పెద్దకొడుకు, "ఏందిరా అది?" అన్నడు. "మిగిలిన కట్టె పటేలా" అన్నడు బాపు. "మిగిలిందని నీకెవడు చెప్పిండు?" అన్నడు. బాపు మోపు దించి, విప్పి, ఒక్కొక్క కట్టెను మళ్ళ కుప్ప మీద పెట్టిండు. తొందరగ పెట్టలేదు, ఒక్కొక్కటి పెట్టిండు. నేను నిలబడి చూసిన.

నాలుగో రోజు పొద్దుగాల బాపమ్మ లేవలేదు. అవ్వ చాయ్ కాచి పిలిచింది. చెద్దరు మీద సన్నగ మంచు తడి. తట్టు ఉబ్బి ఉబ్బి ఆమె మొఖానికి తాకుతున్నది. బాపు కొట్టం కాడ మన్ను తొక్కుతున్నడు. నేనే ఉరికిన చెప్పనీకి. బాపు కాళ్ళు మోకాళ్ళ దాక బురదల ఉన్నయి. చెప్తే వెంటనే బయటికి రాలేదు. అట్లనే నిలబడిపోయిండు. పటేలు మంచిగనే మాట్లాడిండు. "కాలం తీరింది, ముసలి పానం. పో, కార్యం చేసుకో" అని యాభై రూపాయలిచ్చిండు. సాయంత్రం దాకా ఎడ్ల తడక సగం పూతతోటే ఉండిపోయింది. మూడోరోజు పోయి బాపే పూర్తి చేసిండు.

బాపమ్మ పోయిన పదిరోజులకు మా ఇంటికి తడక లేసింది. మంచి తడక. బాపు కట్టినయాటిల అంత గట్టి తడక ఇంకొకటి లేదు. అయితే ఎవరి కోసం?

ఈ ముచ్చట నేను ఎవరికీ చెప్పలేదు. సాంఘిక సంక్షేమ హాస్టల్ల చదివినన్నొద్దులు చెప్పలేదు. అక్కడ కిటికీలకు తలుపులు లేకుండె. పాత పరీక్ష పేపర్లు, అట్టముక్కలు కూరి పండుకునేది. ఇద్దరికి ఒక దుప్పటి. అక్కడనే ఒక సీనియరు అన్న ఇచ్చిన పుస్తకంల బాబాసాహెబ్ బరోడా ముచ్చట చదివిన. 1917ల ఆయన అమెరికాల, లండన్ల చదువుకొని వచ్చి బరోడా రాజు దగ్గర కొలువుల చేరితే, ఊర్ల ఉండనీకి ఒక గది దొరకలేదు. పార్సీల సత్రంల పేరు మార్చుకొని ఉంటే, పదకొండో రోజు కట్టెలు పట్టుకొని వచ్చి వెళ్ళగొట్టిండ్రు. బండి వేళ దాకా తోటల కూసున్నడు. అంత చదువుకు నాలుగు గోడలు దొరకలేదు. ఆ రాత్రి హాస్టల్ల నాకు నిద్ర పట్టలేదు. మా బాపు తెచ్చుకోలేని కందికట్టె మోపు, ఆయనకు దొరకని గది, రెండూ ఒక్కటే అనిపించింది.

2012 డియస్సీల నాకు ఎస్జీటీ పోస్టు వచ్చింది. మా వంశంల డిగ్రీ ముఖం చూసిన మొదటోన్ని, సర్కారు జీతం తీసుకున్న మొదటోన్ని. జీతం అనే మాటకు మా ఇంట్ల అర్థం మారిపోయింది. మా బాపు జీతం ఉన్నడు, నేను జీతం తీసుకుంటున్న. మండలం కాడ గది కోసం తిరిగితే మూడిండ్లల్ల మంచినీళ్ళిచ్చి కూసోబెట్టి, "మీరేమోళ్ళు సార్?" అని అడిగిండ్రు. చెప్పినంక మూడు గదులూ అప్పుడే వేరేటోళ్ళకు మాటిచ్చినయి అయిపోయినయి. అందుకే ఇంటి నుంచే మోటారు సైకిలు మీద పోయి వచ్చిన.

అప్పటికి మాకు ఇందిరమ్మ ఇల్లు ఉండె. 2008ల మంజూరైంది. బిల్లు పైసలు, అవ్వ సంఘంల తెచ్చిన అప్పు కలిపితే నాలుగున్నర ఇంచుల ఇటుక గోడ లేసింది, స్లాబు పడ్డది. ప్లాస్టరింగు పడలేదు. ఇటుకల సందులల్లకెళ్ళి సూదుల లెక్క గాలి. బాపు మొదటి చలికాలమే అన్నడు, "కొడుకా, మన్ను గోడ పగటి ఎండను రాత్రికి దాచుకుంటది. ఈ పల్సని ఇటుక ఏం దాచుకోదు." అని ఆ ఇటుక గోడకు ఉత్తరం దిక్కు, జానెడు ఎడంతోటి ఒక తడక కట్టిండు. నడుమ వరిగడ్డి కూరిండు. ఇంటికి అంగీ మీద కోటు తొడిగినట్టు. ఆ రాత్రి నుంచి లోపల తేడా తెలిసింది.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలె.

2013 చలికాలం. నా పెండ్లి కుదిరినంక బడిల పనిచేసే సార్లు ఇంటికి వస్తమన్నరు. నేను వాకిట్ల నిలబడి మా ఇంటిని వాళ్ళ కండ్లతోటి చూసిన. స్లాబు ఇంటికి తడక! "తీసెయ్ బాపు. మంది నవ్వుతరు" అన్న. బాపు నా దిక్కు చూసిండు. ఎందుకని అడగలేదు. ముళ్ళు ఒక్కొక్కటి విప్పిండు, కట్టెలు ఒక్కొక్కటి కింద పెట్టిండు. ఆయన అట్ల ఒక్కొక్కటి పెట్టుడు నేను ఇంతకుముందు ఎక్కడనో చూసిన. కాని ఆ రోజు నాకు యాదికి రాలేదు. రానియ్యలేదు. ఆ చలికాలమంత ఆయన రాత్రిపూట దగ్గుతుంటే నేను ఆదిలాబాద్ పోయి ఉన్ని స్వెటరు కొనుక్కొచ్చి ఇచ్చిన. గోడ ఊడపీకి స్వెటరు ఇచ్చిన కొడుకును ఆయన ఒక్క మాట అనలేదు.

పటేలు కొడుకు 'మిగిలిందని ఎవడు చెప్పిండు' అంటే అది వాని కులం మాట్లాడింది. 'మంది నవ్వుతరు' అన్నప్పుడు నా నోట్ల మాట్లాడింది ఎవరు? చదువుకునే తమ్ముళ్ళు, చెల్లెండ్లు ఈ ప్రశ్నను జర మనసుల పెట్టుకోవాలె. చదువు మనల్ని బురదల నుంచి తీస్తది, మంచిదే. ఆ బురద తొక్కిన కాళ్ళను చూసి సిగ్గుపడమని కూడ అదే నేర్పితే, ఆ పాఠాన్ని మనం కొట్టేయాలె.

మళ్ళ 2021 డిసెంబరుకు వస్త. మా బడికి రెండే గదులు. కరోనా తర్వాత ప్రైవేటు ఫీజులు కట్టలేక కొందరు మా దగ్గరికొచ్చిండ్రు. దూరం దూరం కూసోబెట్టాలని ఆర్డరు. మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని రేకుల షెడ్డులకు మార్చినం. షెడ్డంటే నాలుగు ఇనుప పైపులు, మీద రేకులు. పడమర బడి గోడ. మిగతా మూడు దిక్కులూ ఆకాశమే. మబ్బు లేని రాత్రి నేల వేడంత ఆకాశానికి పోతది. తెల్లారేసరికి రేకుల అడుగున మంచు చెమట లెక్క పట్టి, పొద్దెక్కినంక చుక్కచుక్క పిల్లల పుస్తకాల మీద రాలేది. నాలుగో తరగతి ఆడపిల్ల ఒకతె నోటుబుక్కుల ఏమీ రాస్తలేదని కోప్పడిన. "రాస్త సార్, పెన్ను నిలుస్తలేదు" అని చెయ్యి చూపింది. వేళ్ళు బిర్రబిగుసుకొని ఉన్నయి.

ఆ నలభై మందిల ఎవరెవరున్నరని చూసిన. మా మాదిగోళ్ళ పిల్లలు, మాలోళ్ళ పిల్లలు, గోండు పిల్లలు, కూలి చేసుకునే బీసీల పిల్లలు. నాలుగెకరాల పైన భూమున్నోల్ల పిల్లలు ఒక్కరు లేరు. వాళ్ళు ఆటోలల్ల మండలానికి పోతరు, తలుపులున్న గదులల్ల కూసుంటరు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం కాడ హెడ్మాస్టరు సారుతోటి అన్న, "సార్, చలికి కులం లేదు, నిజమే. గోడకు ఉన్నది." ఆయన అన్నం కలుపుడు ఆపి, షెడ్డు దిక్కు చూసి, ఇంకేం మాట్లాడలేదు.

గోడల కోసం రాసిన కాగితానికి జవాబు రాలేదు. జవాబు వచ్చేసరికి చలి పోతది. సాయంత్రం ఇంటికి పోయి బాపును అడిగిన, "తడక కట్టాలె బాపు. చూపిస్తవా?" ఆయనకు అరవై దాటినయి. మంట కాగుకుంట తల ఎత్తకుండనే, "ఎవల కొట్టానికి?" అన్నడు. ఆ మాట నన్ను సూటిగ కొట్టింది. "కొట్టానికి కాదు బాపు, మా బడికి" అన్న. అప్పుడు తలెత్తిండు.

క్రిస్మస్ సెలవు, ఆదివారం కలిసొచ్చినయి. మేదరి అన్న దగ్గర ముప్పై బొంగులు కొన్నం. అప్పుడప్పుడే కంది కొడుతున్న తల్లిదండ్రులు బండి మీద కట్టె తెచ్చి పోసిండ్రు. హెడ్మాస్టరు సారు కూడ వచ్చిండు. గడ్డపార పట్టి గుంజలకు గుంతలు తవ్విండు. మూడడుగులకు ఒక గుంజ, మూరెడు లోతు. తెల్లారి ఎవరినీ బొంగు ముట్టనియ్యలేదు బాపు. పొద్దెక్కేదాక మంట కాడ కూసోబెట్టిండు. దబ్బల్ని వేడి చేసుకుంట పని చెప్పిండు. కింది వరుస ముందు కట్టాలె, పై వరుస దాని మీదికి జానెడు ఎక్కాలె. మంచు కారినా వాన కారినా బయటికే కారాలె, లోపలికి రావద్దు. కట్టె రెండు పొరలు పేర్చాలె, ఒక పొర మొదలు కిందికి, ఇంకొక పొర మొదలు పైకి. అప్పుడు సందు పడదు. అడుగున నాలుగేళ్ళ ఎడం ఇడిసి రాళ్ళు పేర్చాలె, లేకపోతే నేల తడికి చెదలు ఎక్కుతది. దక్షిణం దిక్కు రేకు కింద రెండడుగులు ఖాళీ ఇడవమన్న నేను, కరోనాకు గాలి ఆడాలని. "ఉత్తరం మూయి, దక్షిణం తెరువు. అది మాకు తెల్వదా?" అన్నడు.

పూత సంగతి ఇంకా కష్టం. మన్ను పొద్దున తొక్కితే కాళ్ళు కొయ్యబారుతయి. పదిగంటలకు, ఎండ మంచిగ పడ్డంక, గోరువెచ్చని నీళ్ళు పోసి తొక్కినం. రెండు గంటల లోపల పూత ఆపాలె. సందెకాడ పూస్తే ఆరక ముందే మంచు పడి, తెల్లారి పలకలు పలకలుగ ఊడుతది. ఒక్కసారే మందంగ పూసినా పగులుతది. పల్సగ ఒకరోజు, అది ఆరినంక ఇంకొక పల్సన. రెండో పూత నేను, పిల్లల అవ్వలు కలిసి సోమవారం పూసినం. ముడి వేయబోతే నా వేళ్ళు పనిచేయలేదు. బాపు చూసి, నార కొసను నా పండ్ల నడుమ పెట్టిండు. "గిట్ల గుంజు." గుంజిన. పెదవి తెగింది.

మేం మన్ను తొక్కుతుంటే ఆ తొవ్వ పోయే ఒక పెద్ద రైతు బండి ఆపి, "ఏం సారూ, ఎంత సదివినా చెయ్యి పాత పని మర్వదా?" అన్నడు, నవ్వుకుంట. బాపు కాళ్ళు బురదల ఆగిపోయినయి. 1997ల ఆగినట్టే ఆగినయి. నా గొంతు వణికింది, చలికి కాదు. "మర్వలేదే అన్నా. ఇన్నొద్దులు పరాయి ఎడ్లకు కట్టినం. ఇప్పుడు మా పిలగాండ్లకు కట్టుకుంటున్నం" అన్న. ఆయన బండి నడుపుకొని పోయిండు. బాపు మళ్ళ తొక్కుడు మొదలువెట్టిండు. కొంచెం జోరుగనే తొక్కిండు.

ఒక మాట స్పష్టంగ చెప్పాలె. తడకే మంచి గోడ అని నేను చెప్తలేను. మా చేతి పనిని పొగిడి, దండలేసి, సర్కారు చేతులు దులుపుకుంటే ఒప్పుకునేది లేదు. ప్రతి బడికి పక్కా గోడ, తలుపు, కిటికీ మా పిల్లల హక్కు. దాని కోసం రాసిన కాగితం మీద మళ్ళ మళ్ళ రాస్తనే ఉన్న. కాని హక్కు వచ్చేదాక పిల్లల వేళ్ళు ఆగవు. బాపమ్మ ఆగలేదు.

మంగళవారం పొద్దున షెడ్డుల అయిదో తరగతికి గాలి పాఠం చెప్పిన. కదిలే గాలి వేడిని ఎత్తుకపోతది, కదలని గాలి వేడిని పట్టి ఉంచుతది. కట్టెల సందుల చిక్కిన గాలే మనకు దుప్పటి. ఇది పుస్తకంల రెండు వాక్యాలల్ల ఉన్నది. మా బాపు పుస్తకం ముట్టకుండనే ఇది చేసుకుంట వచ్చిండు. ఆ రోజు ఆయన్ని కూడ బడికి తీసుకపోయిన. కుర్చీ వేస్తే కూసోలేదు. తడక పొంటి నడుసుకుంట, ముళ్ళు ఒక్కొక్కటి వేలితోటి వత్తి చూసిండు. నాలుగో తరగతి పిల్ల రాసుకుంటున్నది. ఆమె ముందర కొంచెంసేపు నిలబడ్డడు. ఆమె తలెత్తి, "తాతా, నువ్వేనా కట్టింది?" అన్నది. ఆయన నా దిక్కు చూసి, "అందరం" అన్నడు.

జనవరి ఎనిమిది నుంచి కరోనా సెలవులిచ్చిండ్రు. మిగిలిన కందికట్టెను బండిమీద ఇంటికి తెచ్చిన. మిగిలిందని ఎవరినీ అడగాల్సిన పని లేకుండె. ఇంటి ఉత్తరం గోడకు జానెడు ఎడంతోటి గుంజలు పాతిన. బాపు అరుగు మీద కూసోని చూసిండు. రెండు ముళ్ళు వదులున్నయని విప్పించి మళ్ళ కట్టించిండు. "సార్లు వస్తరేమో" అన్నడు, నా దిక్కు చూడకుండనే. "రానీ బాపు" అన్న.

ఆ తడక ఏటేటా మారుస్తున్నం. అడుగు కట్టెలు కుళ్ళితే మళ్ళ కట్టాలె. వానలు పోయినయి, చేన్లల్ల కంది పూత మీదున్నది. పుష్యమాసానికి కట్టె చేతికొస్తది.